పట్టు విడిపించే పెప్టైడ్

కొలాజెన్ అన్న మాట ఇప్పుడు ఎవరికీ కొత్త కాదు. ఫోన్ తెరిచి కాసేపు రీల్స్ చూస్తే చాలు, ఎవరో ఒకరు గ్లాసులో పొడి కలుపుకుంటూ దాని గురించే చెబుతుంటారు. ‘పెప్టైడ్’ కూడా అంతే. సీరమ్ సీసా మీద ఉంటుంది, జిమ్ మాటల్లో వినిపిస్తుంది. రెండూ కలిపి ‘కొలాజెన్ పెప్టైడ్స్’ అని రాస్తే డబ్బా ధర ఇంకాస్త పెరుగుతుంది.

సరే, ఈ వారం ఆ రెండు మాటలే తీసుకుందాం. కానీ మొహం మెరుపు కోసం కాదు.

మన ఒంట్లో కణాలు చాలావరకు దేన్నో ఒకదాన్ని పట్టుకుని బతుకుతాయి. ఎక్కువసార్లు ఆ పట్టుకునేది కొలాజెన్‌నే. ఈ పట్టుని విడిపించడానికి ల్యాబ్‌లో తయారుచేసిన బుల్లి పెప్టైడ్‌లు ఉన్నాయి. మూడు, నాలుగు అక్షరాలంత చిన్నవి. గుండెపోటు వచ్చినవాళ్ల రక్తనాళంలో గడ్డ పెరక్కుండా ఆపే ఒక ఇంజెక్షన్ ఈ ఆలోచనతోనే తయారైంది. అదే ఆలోచన మెదడు క్యాన్సర్ దగ్గరికి వెళ్లి బోల్తా పడింది. కొలాజెన్ దగ్గరైతే ఇంకా తలుపు తడుతూనే ఉంది. ఒకచోట పనిచేసింది ఇంకోచోట ఎందుకు చెయ్యలేదు? అసలు మజా అంతా అక్కడే ఉంది.

మూడు పాయల జడ

ముందు కొలాజెన్ ఎలా ఉంటుందో చూద్దాం. ఒంట్లో ఉన్న ప్రొటీన్ మొత్తంలో పావు వంతు నుంచి మూడో వంతు దాకా ఇదే. చర్మం, ఎముక, కండని ఎముకకి కట్టేసే నరంలాంటి తాడు, రక్తనాళం గోడ, అన్నిట్లోనూ ఉంటుంది. దగ్గరగా చూస్తే అచ్చం జడే. మూడు పొడవాటి పాయలు ఒకదాని చుట్టూ ఒకటి అల్లుకుని ఉంటాయి. ఒక్కో పాయలో సుమారు 1,000 అమైనో యాసిడ్లు. వాటిలో ప్రతి మూడోదీ గ్లైసిన్. ఎందుకంటే అమైనో యాసిడ్లన్నిట్లో చిన్నది అదే. జడ మధ్యలో ఇంకోదానికి చోటు లేదు. జడ పొడవు 300 నానోమీటర్లు, మందం ఒకటిన్నర నానోమీటర్లు.

ఈ అల్లిక గుట్టు విప్పింది మద్రాసులో. 1954లో మద్రాసు యూనివర్సిటీ నుంచి జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా కొలాజెన్‌ది మూడు పాయల నిర్మాణం అని ‘నేచర్’ పత్రికలో రాశారు. ఎక్స్‌రేతో చూడ్డానికి వాళ్లకి దొరికిన మంచి శాంపిల్ ఏంటో తెలుసా? కంగారూ తోక! ఆ తోకలోని నరంలాంటి తాడు. అది వచ్చింది అదే ఊళ్లోని సెంట్రల్ లెదర్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ నుంచి. తోళ్ల మీద పరిశోధన చేసేవాళ్ల దగ్గర కొలాజెన్ దొరక్కపోతే ఇంకెక్కడ దొరుకుతుంది? తోలంటేనే కొలాజెన్ కదా.

ఈ జడ విడిపోకుండా గట్టిగా ఉండాలంటే హైడ్రాక్సీప్రోలిన్ అనే అమైనో యాసిడ్ కావాలి. దాన్ని తయారుచెయ్యడానికి విటమిన్ సి కావాలి. పాతకాలం ఓడల్లో నెలల తరబడి పళ్లు, కూరగాయలు లేకుండా తిరిగిన నావికులకి చిగుళ్ల నుంచి రక్తం కారేది ఇందుకే. జడ సరిగ్గా అల్లుకోలేదన్నమాట. ఈ హైడ్రాక్సీప్రోలిన్‌కి పెప్టైడ్ భాషలో ‘ఓ’ అనే అక్షరం ఇచ్చారు. కాసేపట్లో మళ్లీ కనిపిస్తుంది.

ఇంకో సంగతి. పాయా తిన్నారా ఎప్పుడైనా? మేక కాళ్లు గంటల తరబడి ఉడికించాక ఆ రసం వేళ్లకి అంటుకుంటుంది. చల్లారితే గిన్నెలో పేరుకుంటుంది. వేడికి కొలాజెన్ జడ విడిపోయి పాయలు దేనికవి అయిపోయాయి. దాన్నే జిలాటిన్ అంటారు. అమైనో యాసిడ్లు అవే, వరస అదే. అల్లిక మాత్రం పోయింది. ఈ పాయా సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

బస్సు కడ్డీ ముక్క

ఇక కణం సంగతి. కణానికి చేతులుంటాయి. ఇంటెగ్రిన్లు అంటారు వాటిని. ఒక్కో చెయ్యీ రెండు ముక్కల జత. ఒకటి ఆల్ఫా, ఒకటి బీటా. మనుషుల్లో ఆల్ఫాలు 18 రకాలు, బీటాలు 8 రకాలు. అవి జతలు కట్టి మొత్తం 24 రకాల చేతులవుతాయి. చెయ్యి బయటి కొస చుట్టూ ఉన్న ప్రొటీన్‌ని పట్టుకుంటే, లోపలి కొస కణం అస్థిపంజరానికి కట్టేసి ఉంటుంది.

ఇది ఊరికే ఆనుకుని నిలబడటం లాంటిది కాదు. చాలా కణాలకి పట్టు పోతే బతుకే పోతుంది. పట్టుకోవడానికి ఏమీ దొరక్కపోతే తమంతట తామే చచ్చిపోతాయి. 1994లో ఈ చావుకి ‘అనోయికిస్’ అని పేరు పెట్టారు. గ్రీకులో ఇల్లు లేకపోవడం అని అర్థం. సైంటిస్టులు పెట్టే పేర్లలో ఇంత మంచిది అరుదుగా దొరుకుతుంది.

1980ల మొదట్లో పెద్ద ప్రశ్న ఏంటంటే, కణం ఆ ప్రొటీన్‌ని సరిగ్గా ఎక్కడ పట్టుకుంటుంది? కాలిఫోర్నియాలోని లా హోయాలో ఫిన్లండ్ నుంచి వచ్చిన ఎర్కీ రూస్లాహ్టి, ఆయనతో పాటు మైకేల్ పియర్ష్‌బాకర్ ఫైబ్రోనెక్టిన్ అనే ప్రొటీన్ తీసుకున్నారు. అది 2,000కి పైగా అమైనో యాసిడ్ల గొలుసు. దాన్ని ముక్కలు చేస్తూ, కణం ఏ ముక్కని పట్టుకుంటుందో చూస్తూ, ఆ ముక్కని మళ్లీ చిన్నది చేస్తూ పోయారు. 1984లో లెక్క తేలింది. కణానికి కావలసింది మూడే మూడు అమైనో యాసిడ్లు. ఆర్జినిన్, గ్లైసిన్, ఆస్పార్టిక్ యాసిడ్. పొట్టిగా ‘ఆర్-జీ-డీ’. పక్కన ఇంకోటి కలిపి నాలుగక్షరాల ముక్కని ల్యాబ్‌లో తయారుచేసి ప్లేటు మీద అతికిస్తే, కణాలు వచ్చి దాన్నే పట్టుకున్నాయి.

అసలు తమాషా తర్వాతి ప్రయోగంలో ఉంది. అదే ముక్కని ప్లేటుకి అతికించకుండా నీళ్లలో కలిపారు. కణాలు ఫైబ్రోనెక్టిన్‌ని పట్టుకోవడం మానేశాయి!

అర్థం కావాలంటే ఉదయం ఎనిమిదిన్నరకి ఆర్టీసీ బస్సుని ఊహించుకోండి. ఫుట్‌బోర్డు దగ్గర నిలువు కడ్డీ ఉంటుంది కదా. దాన్ని పట్టుకుంటేనే బస్సులో ఉంటారు, లేకపోతే రోడ్డు మీద. ఇప్పుడు బస్సు రాకముందే ఎవరో మీ రెండు చేతుల్లోనూ అదే కడ్డీ నుంచి కోసిన చెరో ముక్క పెట్టేశారు. మీ చేతులు వాటిని గట్టిగా పట్టేసుకున్నాయి. బస్సొచ్చింది, వెళ్లిపోయింది. మీరు మాత్రం అక్కడే. నీళ్లలో తేలే పెప్టైడ్ చేసేది ఇదే. అదే ముక్కని గోడకి బిగిస్తే మీరు గోడ పట్టుకుని వేలాడొచ్చు. ముక్క ఒకటే. బిగించి ఉందా, ఊరికే తేలుతోందా అన్నదే తేడా.

ఇందులో చేతివాటం కుదరదు. చివరి అక్షరం ‘డీ’ తీసేసి, దాదాపు అలాగే ఉండే ‘ఈ’, అంటే గ్లుటామిక్ యాసిడ్ పెట్టి చూశారు. రెండిటికీ తేడా ఒక్క కార్బన్, రెండు హైడ్రోజన్లు. అంతే, పెప్టైడ్ పని ఖతం. కణం దాన్ని లెక్కే చెయ్యలేదు.

ఇంటెగ్రిన్ల మీద చేసిన పనికి రూస్లాహ్టితో పాటు రిచర్డ్ హైన్స్, టిమోతీ స్ప్రింగర్‌కి కలిపి 2022లో లాస్కర్ అవార్డు ఇచ్చారు.

ప్లేట్‌లెట్ కొలాజెన్‌ని చూస్తే

ఇంతవరకూ ఫైబ్రోనెక్టిన్. మరి కొలాజెన్? దాని పాయల్లోనూ ‘ఆర్-జీ-డీ’ అక్షరాలున్నాయి. కానీ జడ అల్లుకున్నప్పుడు అవి చేతికి అందవు. అందుకని అల్లిన కొలాజెన్ కోసం కణాలకి వేరే చేతులున్నాయి. వాటిలో మనకి ముఖ్యమైంది ఆల్ఫా2-బీటా1. ఈ చెయ్యి పని బాగా తెలిసేది ప్లేట్‌లెట్ల దగ్గర.

ప్లేట్‌లెట్లంటే మనందరికీ డెంగీ పుణ్యమా అని తెలుసు. ఇంట్లో ఒకరికి జ్వరం వస్తే ‘కౌంట్ ఎంతుంది?’ అని బంధువులంతా ఫోన్ చేసి అడుగుతారు. మామూలుగా మైక్రోలీటరు రక్తంలో లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉంటాయి. రక్తనాళం లోపలి గోడకి నున్నటి పొర ఉంటుంది. ఆ పొర చిరిగితే దాని కింద ఉన్న కొలాజెన్ బయటపడుతుంది. రక్తంలో తేలుతూ పోయే ప్లేట్‌లెట్‌కి కొలాజెన్ తగిలిందంటే ఏదో తెగిందని అర్థం. వెంటనే అతుక్కుంటుంది, చుట్టుపక్కల ప్లేట్‌లెట్లని పిలుస్తుంది, అవి ఒకదాన్నొకటి పట్టుకుని గడ్డ కడతాయి. కూరగాయలు కోస్తూ వేలు తెగితే కాసేపట్లో రక్తం ఆగేది అందుకే.

ఇదే పని గుండె రక్తనాళంలో జరిగితే? కొవ్వు పేరుకున్న చోట గోడ పగిలి కొలాజెన్ బయటపడుతుంది. ప్లేట్‌లెట్‌కి అది చాకు గాయమా, గుండె నాళమా అన్న తేడా తెలీదు. తన డ్యూటీ తాను చేస్తుంది. గడ్డ కడుతుంది, నాళం మూసుకుపోతుంది. గుండెపోటు.

ప్లేట్‌లెట్ కొలాజెన్‌ని ఏ చేత్తో పట్టుకుంటుందో తెలియడానికి ఒక పేషెంట్ దారి చూపించింది. నెదర్లాండ్స్‌లోని యూట్రెక్ట్‌లో ఒకావిడకి రక్తం ఆగని ఇబ్బంది. పరీక్షిస్తే మిగతావన్నీ బాగానే ఉన్నాయి గానీ, ఆవిడ ప్లేట్‌లెట్లు కొలాజెన్‌ని చూసి కదలవు, మెదలవు. వాటి మీద ఒక ప్రొటీన్ లేదని 1985లో డాక్టర్లు ‘నేచర్’లో రాశారు. ఆ లేని ప్రొటీనే ఆల్ఫా2.

ఇక పెప్టైడ్ వేట మొదలైంది. 1991లో అమెరికాలోని సెయింట్ లూయీలో, వాషింగ్టన్ యూనివర్సిటీ సైంటిస్టులు కొలాజెన్ పాయలోంచి నాలుగక్షరాల ముక్క పట్టుకున్నారు. ‘డీ-జీ-ఈ-ఏ’. దాన్ని కలిపితే ప్లేట్‌లెట్లు కొలాజెన్‌కి అతుక్కోవడం తగ్గింది. ఫైబ్రోనెక్టిన్ కథే మళ్లీ రిపీట్ అనుకున్నారు అందరూ. కానీ పని చేయించాలంటే చాలా ఎక్కువ మోతాదు పొయ్యాల్సి వచ్చేది.

ఎందుకో తేలింది కేంబ్రిడ్జ్‌లో. అక్కడ రిచర్డ్ ఫార్న్‌డేల్, మైకేల్ బార్న్స్, వాళ్ల బృందం ఇంకో ముక్క తీశారు. ఆరక్షరాలు. ‘జీ-ఎఫ్-ఓ-జీ-ఈ-ఆర్’. మధ్యలో ఆ ‘ఓ’ని గుర్తుపట్టారా? విటమిన్ సి వల్ల వచ్చే హైడ్రాక్సీప్రోలినే. వీళ్లు చేసిన తెలివైన పనేంటంటే, ఆ ఆరక్షరాలకి రెండు వైపులా జడ అల్లుకునేలాంటి వరసలు తగిలించారు. దాంతో మూడు పెప్టైడ్‌లు కలిసి వాటంతటవే బుల్లి జడలా అల్లుకున్నాయి. ఆ బుల్లి జడని నీళ్లలో కలిపితే ఆల్ఫా2 చెయ్యి కొలాజెన్‌ని పట్టుకోవడం పూర్తిగా ఆగింది. 2000లో ఎక్స్‌రే చిత్రం కూడా వచ్చింది. ‘ఈ’ అక్షరం వెళ్లి ఇంటెగ్రిన్ గుప్పిట్లో ఉన్న ఒక లోహపు అణువుని తాకుతోంది. పట్టంతా అక్కడే.

ఇప్పుడు పాయా దగ్గరికి రండి. ఉడికిన కొలాజెన్‌లోనూ ఆ ఆరక్షరాలూ ఉన్నాయి. అయినా ఆల్ఫా2-బీటా1 దాన్ని పట్టుకోదు. జడ విడిపోయింది కాబట్టి. ఫైబ్రోనెక్టిన్‌లో అక్షరాలుంటే చాలు, కొలాజెన్‌లో అక్షరాలూ ఉండాలి, అల్లికా ఉండాలి. ఈ ఒక్క కారణంతోనే కొలాజెన్ పట్టు విడిపించే పెప్టైడ్ తయారుచెయ్యడం అంత కష్టమైంది. చిన్న ముక్క అయితే చవక, తేలిక, కానీ పట్టు చాలదు. బుల్లి జడ అయితే పట్టు ఉంది, కానీ మూడు పాయలూ కలిపితే వంద దాకా అమైనో యాసిడ్లు. అది ఇక బుల్లి పెప్టైడ్ కాదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ప్లేట్‌లెట్‌కి కొలాజెన్ కోసం ఉన్నది ఒక్క చెయ్యే కాదు. జీపీ-6 అనే ఇంకో రిసెప్టర్ ఉంది. వేగంగా పారే రక్తంలో ముందుగా పట్టి ఆపడానికి వాన్ విల్లిబ్రాండ్ ఫ్యాక్టర్ అనే ప్రొటీన్ కూడా ఉంది. ఆల్ఫా2-బీటా1 లేకుండా పుట్టించిన ఎలుకల్లో గాయం నుంచి రక్తం ఆగే సమయం దాదాపు మామూలుగానే ఉంది. ఒక చెయ్యి కట్టేస్తే ఇంకోటి పట్టుకుంటుంది. ఇది శుభవార్తా, చెడ్డవార్తా అంటే రెండూనూ. కొలాజెన్ దగ్గర ఆపితే పేషెంటుకి రక్తస్రావం భయం తక్కువ కావచ్చు. కానీ గడ్డ కూడా ఆగకపోవచ్చు. జర్మనీలో జీపీ-6 నకలుతో చేసిన రెవాసెప్ట్ అనే ప్రొటీన్‌ని స్టెంట్ వేయించుకునేవాళ్లకి ఇచ్చి చూశారు. ఇది బయటపడిన కొలాజెన్‌ని ముందే కప్పేస్తుంది. 2021లో ఫలితం వచ్చింది. గుండె కండరానికి జరిగే నష్టం తగ్గలేదు.

పాము దగ్గర అప్పు

మరి పనిచేసిన మందు సంగతేంటి? అది కొలాజెన్ దగ్గర కాకుండా ఒక మెట్టు తర్వాత కాపు వేసింది. ప్లేట్‌లెట్లు ఒకదాన్నొకటి పట్టుకునే చెయ్యి ఇంకోటుంది. ఆల్ఫా2బీ-బీటా3. పేర్లు దగ్గరగా ఉన్నాయి గానీ ఇది వేరు. ఒక్కో ప్లేట్‌లెట్ మీద వేల సంఖ్యలో ఉంటుంది. ఫైబ్రినోజెన్ అనే ప్రొటీన్‌కి ఒక కొసని ఒక ప్లేట్‌లెట్, రెండో కొసని ఇంకో ప్లేట్‌లెట్ పట్టుకుంటే గడ్డ తయారు. ఎన్ని రకాలుగా మొదలైనా చివరికి అన్నీ ఈ దారిలోనే పోవాలి. నాలుగు వీధుల వాళ్లూ దాటాల్సిన ఒకే ఒక్క రైల్వే గేటు లాంటిది. గేటు వేసేస్తే చాలు.

ఈ గేటు వెయ్యడం మనకంటే ముందు పాములు నేర్చుకున్నాయి. పింజర జాతి పాముల విషంలో డిస్‌ఇంటెగ్రిన్లు అనే చిన్న ప్రొటీన్లుంటాయి. చాలావాటి కొస మీద అదే ‘ఆర్-జీ-డీ’. పాముకి రూస్లాహ్టి పేపర్ చదవాల్సిన అవసరం లేదు మరి. మన మెట్ట పొలాల్లో, రాళ్ల గుట్టల్లో కనిపించే పింజర ఒకటుంది. చుట్టచుట్టుకుని, పొలుసులు రుద్దుతూ రంపం కోసినట్టు చప్పుడు చేస్తుంది. దాని శాస్త్రీయ నామం ఎకిస్ కారినేటస్. దాని విషంలోంచి తీసిన 49 అమైనో యాసిడ్ల ఎకిస్టాటిన్ చూసి, దాన్ని పోలేలా మెర్క్ కంపెనీ టైరోఫిబాన్ అనే మందు చేసింది. (విషం మందైందని పాము కరిస్తే ఆగి చూడకండి. నేరుగా ఆస్పత్రికి, యాంటీవెనమ్‌కి వెళ్లాల్సిందే.)

అసలు పెప్టైడ్ మందు ఇంకో పాము నుంచి. అమెరికాలో కోర్ థెరప్యూటిక్స్ అనే కంపెనీవాళ్లు 1990 ప్రాంతాల్లో దాదాపు 60 రకాల పాముల విషాలు పరీక్షించారు. అన్నిట్లో ‘ఆర్-జీ-డీ’ ఉన్నవాటితో ఒక ఇబ్బంది. ప్లేట్‌లెట్ చేతినే కాదు, దారిన పోయే మిగతా కణాల చేతుల్ని కూడా పట్టేస్తాయి. ఒక్క పిగ్మీ ర్యాటిల్‌స్నేక్ విషంలోని బార్బోరిన్ మాత్రం తేడాగా ఉంది. ‘ఆర్’ బదులు ‘కే’. అంటే ‘కే-జీ-డీ’. ఒక్క అక్షరం మారేసరికి అది ప్లేట్‌లెట్ చేతినే ఎంచుకుంది. ఆ అక్షరాల్ని ఇంకాస్త దిద్ది, రెండు కొసలూ కలిపి ఉంగరంలా చుట్టి తయారుచేసిందే ఎప్టిఫిబటైడ్. ఉంగరం ఎందుకంటే, వదులుగా ఉన్న పెప్టైడ్ దారంలా ఊగుతుంటుంది. ఉంగరం చేస్తే అక్షరాలు సరైన వంపులో నిలబడతాయి.

1998లో ‘పర్స్యూట్’ పరీక్ష ఫలితాలొచ్చాయి. 10,948 మంది పేషెంట్లు. 30 రోజుల్లో చనిపోయినవాళ్లు, గుండెపోటు వచ్చినవాళ్లు కలిపి ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లలో 15.7 శాతం. పెప్టైడ్ తీసుకున్నవాళ్లలో 14.2 శాతం. అంటే వెయ్యి మందికి ఇస్తే 15 మందికి మేలు. బదులుగా రక్తస్రావం పెరిగింది. ‘అంతేనా?’ అనిపించొచ్చు. కానీ గుండె మందుల్లో ఇది నిజమైన గెలుపే. అదే ఏడాది అమెరికాలో ఎప్టిఫిబటైడ్‌కీ, టైరోఫిబాన్‌కీ అనుమతి వచ్చింది. ఇప్పుడు మాత్రల్లోనే గట్టి మందులు రావడంతో అందరికీ ఇవ్వట్లేదు. స్టెంట్ వేసేటప్పుడు నాళంలో గడ్డ ఎక్కువగా కనిపిస్తే డాక్టర్లు దీన్ని చేతిలోకి తీసుకుంటారు.

దీని గెలుపులో ఎవరూ పెద్దగా చెప్పని విషయం ఒకటుంది. ఇది రక్తంలో ఎక్కువసేపు ఉండదు. సగం మందు రెండున్నర గంటల్లోనే పోతుంది. డ్రిప్ ఆపిన కొన్ని గంటల్లో ప్లేట్‌లెట్లు మళ్లీ డ్యూటీ ఎక్కుతాయి. ఆపరేషన్ కావాల్సి వచ్చినా, రక్తం కారడం మొదలైనా ఆపేస్తే సరి. పెప్టైడ్‌కి ఉన్న ఈ లోపమే ఇక్కడ దానికి వరమైంది.

ఆ గేటు ఎప్పటికీ మూసే ఉంటే ఎలా ఉంటుందో చూడాలంటే గ్లాన్జ్‌మన్ జబ్బు ఉన్నవాళ్లని అడగాలి. పుట్టుకతోనే ఆ చెయ్యి లేనివాళ్లు, లేదా అది పనిచెయ్యనివాళ్లు. ప్లేట్‌లెట్ కౌంట్ చూస్తే నార్మల్. కానీ ముక్కు నుంచి రక్తం వస్తే ఆగదు. ఆడపిల్లలకి మొదటి నెలసరే ప్రాణం మీదికి రావొచ్చు. అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి పాడైన జన్యువులు రెండూ కలిస్తేనే ఇది వస్తుంది. అందుకే మేనరికాలు ఎక్కువగా ఉండే చోట్ల ఎక్కువ కనిపిస్తుంది. దక్షిణ భారతం ఆ జాబితాలో ఉంది. ఇంట్లో అమ్మాయికి నెలసరి రక్తస్రావం మరీ ఎక్కువైతే ‘కౌంట్ బాగానే ఉంది కదా’ అని వదిలెయ్యకూడదు. ఎన్ని ఉన్నాయన్నది ఒక పరీక్ష, అవి పట్టుకుంటున్నాయా లేదా అన్నది ఇంకో పరీక్ష. రెండోది అడిగి చేయించుకోవాలి.

26.3

ఇక క్యాన్సర్. కాగితం మీద చూస్తే ఇంతకంటే మంచి ఐడియా ఉండదు. గడ్డ పెరగాలంటే కొత్త రక్తనాళాలు కావాలి. ఆ నాళాల కణాలు ఇంటెగ్రిన్లతో పట్టుకుని పాకాలి. పట్టు విడిపిస్తే అనోయికిస్‌తో అవే పోతాయి. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీలో హోర్స్ట్ కెస్లర్ బృందం ‘ఆర్-జీ-డీ’తో అయిదు అమైనో యాసిడ్ల ఉంగరం చేసింది. పేరు సిలెంజిటైడ్. జంతువుల్లో బాగా పనిచేసింది. గ్లియోబ్లాస్టోమా అనే మొండి మెదడు క్యాన్సర్ ఉన్నవాళ్ల మీద మొదటి పరీక్షలూ ఆశ పుట్టించాయి.

545 మందితో పెద్ద పరీక్ష చేసి 2014లో ఫలితం ప్రకటించారు. మామూలు చికిత్స మాత్రమే తీసుకున్నవాళ్లు సగటున బతికింది 26.3 నెలలు. దానితో పాటు సిలెంజిటైడ్ కూడా తీసుకున్నవాళ్లు 26.3 నెలలు. దశాంశ స్థానం కూడా మారలేదు. ఆ 26.3 నెలల్లో వారానికి రెండుసార్లు ఆస్పత్రికి వెళ్లి డ్రిప్ ఎక్కించుకున్న కుటుంబాల్ని తలుచుకుంటే ఆ అంకె మీద కోపం వస్తుంది.

ఎందుకిలా? దీని జాడ 2009లోనే కొంత దొరికింది. ఇలాంటి పెప్టైడ్‌లు బాగా తక్కువ మోతాదులో ఉన్నప్పుడు ఎలుకల్లో గడ్డని ఆపకపోగా పెంచాయని ఒక బృందం ‘నేచర్ మెడిసిన్’లో రాసింది. సిలెంజిటైడ్‌దీ పొట్టి ఆయుష్షే, కొన్ని గంటలే. వారానికి రెండుసార్లు ఇస్తే మిగతా రోజుల్లో రక్తంలో ఉండేది ఆ తక్కువ మోతాదే కదా. గుండె దగ్గర వరమైన గుణం ఇక్కడ గుదిబండ అయింది. పైగా గుండెపోటులో గొడవ కొన్ని గంటలది, రక్తంలోనే ఉంది, పట్టాల్సిన చెయ్యి ఒక్కటి. క్యాన్సర్‌లో గొడవ ఏళ్లది, మెదడు లోపల ఉంది, చేతులు 24 రకాలు. ఒకటి కట్టేస్తే ఇంకోటి తీస్తుంది.

అందుకే ‘పెప్టైడ్’ అన్న మాట ఒక్కటే చూసి డబ్బులు పెట్టేవాళ్లకి ఒక మాట. చర్మం పై పొర దాటి లోపలికి వెళ్లాలంటే అణువు బరువు సుమారు 500 డాల్టన్ల లోపు ఉండాలన్నది చర్మ నిపుణులు వాడే లెక్క. కొలాజెన్ జడ బరువు దాదాపు 3 లక్షల డాల్టన్లు. కాబట్టి క్రీములో ఉన్న కొలాజెన్ మొహం మీదే ఉంటుంది, తేమ పట్టి ఉంచుతుంది, కడిగితే పోతుంది. తాగే పొడి అయితే పాయా కంటే ఇంకా చిన్న ముక్కలు. అరిగి అమైనో యాసిడ్లుగా, రెండు మూడక్షరాల తునకలుగా రక్తంలోకి వెళ్తుంది. అవి వెళ్లి మీ బుగ్గల్లో జడ అల్లుకోవు. అల్లే పని మీ కణాలే చెయ్యాలి, అందుకు ఉసిరికాయో జామకాయో కూడా కావాలి. జిమ్‌లో చేతులు మారే బీపీసీ-157 లాంటి ఇంజెక్షన్లైతే ఇంకో కథ. దానికి అమెరికా ఎఫ్‌డీఏ మందుగా అనుమతి ఇవ్వలేదు, ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ నిషేధించింది. ఎప్టిఫిబటైడ్ కూడా పెప్టైడే. పదివేల మందికి పైగా పేషెంట్ల మీద లెక్క తేలాకే అది ఆస్పత్రి గడప తొక్కింది.

కొలాజెన్ జడ ముక్కకి మాత్రం వేరే దారిలో పని దొరుకుతోంది. నీళ్లలో తేలితే పట్టు విడిపిస్తుంది, బిగిస్తే పట్టు ఇస్తుంది అనుకున్నాం కదా. అమెరికాలోని జార్జియా టెక్‌లో ఆంద్రెస్ గార్సియా బృందం ఆ రెండోది వాడింది. టైటానియం ముక్కల మీద కేంబ్రిడ్జ్ ఆరక్షరాల పెప్టైడ్‌ని పూతలా వేసి, వాటిని ఎలుకల కాలి ఎముకలో బిగించారు. 2007లో వచ్చిన ఫలితం ప్రకారం, పూత లేని లోహం కంటే పూత ఉన్న లోహం చుట్టూ ఎముక ఎక్కువగా పెరిగింది. నాలుగు వారాలయ్యాక ముక్కని బయటికి లాగి చూస్తే, పూత ఉన్నదాన్ని పీకడానికి ఎక్కువ బలం కావాల్సి వచ్చింది.